నాన్నకి 51కే గుండెపోటు, నాకిప్పుడు 36: ఇప్పుడే పరీక్షలు చేయించుకోవాలా?

పర్లాకిమిడి అబ్బాయి:
నాన్నకి 51వ ఏట గుండెపోటు వచ్చింది, అర్ధరాత్రి బరంపురం తీసుకెళ్లాం, బతికారు. లావు మనిషి కాదు, సిగరెట్, మందు ముట్టరు. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్యకి అక్కడి డాక్టరు ‘భారతీయులకి ముందే వస్తుంది, జాగ్రత్త’ అన్నాడట. జాతిని బట్టి కూడా గుండెజబ్బు వస్తుందా? నా బరువు 66 కిలోలే, కాస్త బొజ్జ ఉంది. టెన్షన్‌గా ఉంది.

బరంపురం అక్క:
తమ్ముడూ, నేను నర్సుని. ఆ డాక్టరు మాట నిజమే. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు మన దక్షిణాసియా వాళ్లకి సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకి 59 దగ్గర. కానీ కారణాలు అందరికీ అవే: పొగాకు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బొజ్జ, దిగులు, కూరలూ పళ్లూ తక్కువ తినడం, ఒళ్లు కదలకపోవడం. అవి మనకి చిన్న వయసులోనే మొదలవుతున్నాయి, తేడా ఎక్కువగా అక్కడే ఉంది. మనలో చాలామందికి కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా పొట్టలో చేరుతుంది, అందుకే తూకం చూసి ధైర్యపడకు, టేపు పెట్టి నడుం కొలుచుకో. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. నాన్నకి 55 లోపే వచ్చింది కాబట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఇప్పుడే చూపించుకో. లైపోప్రోటీన్-ఎ అని రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే కణం ఒకటుంది, అది ఎక్కువగా ఉండటం వంశంలో వచ్చేది, ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు.

రాయగడ నుంచి:
మా అమ్మకి ఛాతీ నొప్పే రాలేదు. దవడ లాగింది, నీరసం, చెమటలు. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టాం, తెల్లారేసరికి లేదు. ఆడవాళ్లకి గుండెపోటేమిటి అనుకునే రకం మేము. ముప్పై ఏళ్లు గుడాకుతో పళ్లు తోముకుంది, అది పొగాకని ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ‘పొగాకు అలవాటుందా’ అంటే లేదనే చెప్పేవాళ్లం. మీ నాన్నగారికి ఆ అలవాటు ఉందేమో కనుక్కోండి.

పర్లాకిమిడి అబ్బాయి:
ఇప్పుడే అడిగాను. రోజుకి రెండుసార్లు, పెళ్లికి ముందు నుంచీ. అది పళ్లపొడే కదా అంటున్నారు, డాక్టరుకి చెప్పనే లేదట. మీ అమ్మగారి సంగతి చదివి వినిపించాను, ఏమీ మాట్లాడకుండా డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. నా నడుం 97 ఉందక్కా. సోమవారం పరగడుపునే వెళ్లి రక్తం ఇస్తాను, నాన్ననీ తీసుకెళ్లి గుడాకు సంగతి డాక్టరుకి చెప్పిస్తాను.