లక్షా ఇరవై వేలలో గేమింగ్ పీసీ, మానిటర్‌తో కలిపి: ఈ కొటేషన్ చూసి చెప్పండి

కాకినాడ_కుర్రాడు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ కాలేజీ రోజుల ల్యాప్‌టాప్ మీదే నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, సొంత డబ్బుతో అసెంబుల్డ్ సిస్టమ్ చేయించుకుందామని. మొత్తం లక్షా ఇరవై వేలు, మానిటర్ కూడా అందులోనే రావాలి. కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ ఉన్నాయి. రోజూ సాయంత్రం స్నేహితులతో వాలరెంట్, సెలవు రోజుల్లో సైబర్‌పంక్ 2077, బ్లాక్ మిత్: వుకాంగ్ లాంటివి ఆడతాను. ఆఫీసు పనికీ ఇదే వాడతాను. షాపులో రాసిచ్చిన కొటేషన్ ఇది:

ఐ5 12400ఎఫ్, హెచ్610 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ఒకే స్టిక్, ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై; కంపెనీ పేరు రాయలేదు), ఆర్‌జీబీ క్యాబినెట్, 27 అంగుళాల 1080పీ కర్వ్డ్ మానిటర్ 100 హెర్ట్జ్.

తీసేసుకోవచ్చా? ఏమైనా మార్చమంటారా?

సీటీసీ_పాతకాపు
తమ్ముడూ, ఆ కొటేషన్‌ని కింద నుంచి పైకి చదువు. ముందు మానిటర్ తేల్చుకోవాలి, దాన్నిబట్టి గ్రాఫిక్ కార్డు, కార్డునిబట్టి మిగతావి. షాపుల్లో ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, చివర్లో మిగిలిన డబ్బుకి ఏ తెర వస్తే ఆ తెర అంటగడతారు. కానీ రోజూ నువ్వు చూసేది ఆ తెరనే కదా.

24 అంగుళాల 1080పీలో (అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు, అంటే చుక్కలు) అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. అదే 1080పీని 27 అంగుళాలకి సాగదీస్తే 82కి పడిపోతుంది. టేబుల్ ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటే అక్షరాల అంచులు గరుగ్గా కనిపిస్తాయి. 27 కావాలంటే 1440పీ (2560×1440) తీసుకో, అప్పుడు 109 వస్తుంది. 1080పీ చాలనుకుంటే 24 దగ్గరే ఆగు. 27లో 1080పీ మాత్రం ఎవరికీ చెప్పను.

ఇంకో లెక్క. 1080పీ తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లుంటే 1440పీలో 36.9 లక్షలు. అంటే ప్రతి ఫ్రేముకీ కార్డు 78 శాతం ఎక్కువ పిక్సెళ్లు గీయాలి. తెర తేలితే గానీ కార్డు తేలదనేది ఇందుకే.

ఫ్రేమ్‌రేట్_ముఖ్యం
పాతకాపు అన్న చెప్పిన వరస సరైనదే. కానీ రోజూ ఆడేది వాలరెంట్ అంటున్నాడు, అది మర్చిపోకూడదు. 60 హెర్ట్జ్‌లో (తెర సెకనుకి 60 సార్లు మారితే) ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది. 100లో 10, 180లో 5.6, 240లో 4.2. 60 నుంచి 144కో 180కో మారితే తేడా ఎవరి కంటికైనా వెంటనే తెలుస్తుంది. 180 నుంచి 240కి తేడా తక్కువే, అయినా ర్యాంక్ కోసం ఆడేవాళ్లు దాన్ని కూడా వదులుకోరు.

నా ఓటు 24.5 అంగుళాల 1080పీ 240 హెర్ట్జ్ ఐపీఎస్ (తెర ప్యానెల్‌లో ఒక రకం) మానిటర్‌కి. వాలరెంట్, సీఎస్2 లాంటి ఆటలకి కార్డు కన్నా ప్రాసెసర్ ముఖ్యం. మిగిలిన డబ్బు అటు పెట్టొచ్చు.

సీటీసీ_పాతకాపు
ర్యాంక్ కోసమే ఆడితే నువ్వన్నదే కరెక్ట్. కానీ ఇతను సైబర్‌పంక్ కూడా ఆడతానంటున్నాడు, ఆఫీసు పనికీ ఇదే తెర వాడతాడు. 27 అంగుళాల 1440పీ 180 హెర్ట్జ్ అయితే రెండింటికీ సరిపోతుంది. రెండు మూడేళ్ల కిందట ఈ రకం మానిటర్లు మామూలు బడ్జెట్‌కి అందేవి కావు, ఇప్పుడు మంచివే అందుతున్నాయి. ప్రాసెసర్ ఏడాదికోసారి పాతబడుతుంది గానీ మంచి మానిటర్ ఇద్దరు ముగ్గురు ప్రాసెసర్‌లని చూస్తుంది.

విశాఖ_ఎడిటర్
నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను, ఖాళీ దొరికితే ఆడతాను కూడా. ప్యానెల్ రకం గురించి ఎవరూ వివరంగా మాట్లాడలేదు కాబట్టి చెప్తున్నాను.

ఆ బడ్జెట్‌లో వచ్చే కర్వ్డ్ మానిటర్లలో ఎక్కువ భాగం వీఏ ప్యానెళ్లే. వాటి కాంట్రాస్ట్ 3000:1 దాకా ఉంటుంది, నలుపు బాగా నల్లగా వస్తుంది. మామూలు ఐపీఎస్‌లో 1000:1 దగ్గరే, చీకటి గదిలో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. అయితే చవక వీఏలలో చీకటి రంగులు మారడానికి ఎక్కువ సమయం పట్టి, కదిలే బొమ్మల వెనక నల్లటి మరకలాంటిది లాగుతుంది. సైబర్‌పంక్‌లో రాత్రిపూట బండి నడిపితే అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వేగంగా ఆడే ఆటలుంటే ఐపీఎస్ తీసుకో తమ్ముడూ.

ఓలెడ్ అన్నిటికన్నా అందంగా ఉంటుంది, కాదనను. ఈ బడ్జెట్‌లో రాదు. వచ్చినా, రోజంతా టాస్క్‌బార్, ఎక్సెల్ షీట్ కదలకుండా నిలబడి ఉండే పని చేసేవాళ్లు బర్న్-ఇన్ (కదలని బొమ్మ తెర మీద మచ్చలా ఉండిపోవడం) వారంటీ ఉందో లేదో చదివి కొనాలి.

పెట్టె మీద రాసే రెండు మాటల్ని చూసి కొనకండి. "1 ఎంఎస్" (ఒక మిల్లీసెకను) అనేది కొన్నిచోట్ల జీటీజీ (పిక్సెల్ రంగు మారే సమయం), కొన్నిచోట్ల ఎంపీఆర్‌టీ (కదిలే బొమ్మ మసక ఎంతో చెప్పేది). రెండూ వేరే కొలతలు, ఒకదానితో ఒకటి పోల్చలేం. "హెచ్‌డీఆర్10" అంటే వెలుగు-నీడల తేడాని ఎక్కువగా చూపే ఆ సిగ్నల్ తీసుకోగలదని మాత్రమే అర్థం. చూపించడానికి తగిన వెలుతురు, లోకల్ డిమ్మింగ్ (తెరలో ఒక్కో భాగం వెలుతురుని విడిగా తగ్గించడం) లేకపోతే హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే బొమ్మ ఇంకా వెలిసిపోతుంది. బడ్జెట్ మానిటర్‌లో హెచ్‌డీఆర్ లేదనుకునే కొనండి.

స్టాండ్ కూడా చూడండి. ఎత్తు పెంచే వీలు లేకపోతే మెడ నొప్పి ఖాయం. కనీసం వెనక వెసా (VESA) రంధ్రాలుంటే తర్వాత మానిటర్ ఆర్మ్ బిగించుకోవచ్చు.

కాకినాడ_కుర్రాడు
అక్కా, చాలా థాంక్స్. 27 అంగుళాల 1440పీ 180 హెర్ట్జ్ ఐపీఎస్‌కే ఫిక్స్ అయ్యాను. మరి దానికి 5060 సరిపోతుందా?

వీర్యామ్_వాదం
సరిపోదు, నా మాట విను. కార్డు వేగం తక్కువని కాదు, దాని సొంత మెమరీ (వీర్యామ్) 8 జీబీయే కావడం ఇబ్బంది. 1440పీలో టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాల బొమ్మలు) పెంచి, రే ట్రేసింగ్ (వెలుతురుని నిజంలా లెక్కగట్టడం) కూడా పెడితే కొత్త ఆటల్లో 8 జీబీ నిండిపోతుంది. నిండాక మిగిలిన డేటా పీసీఐఈ (కార్డుని బోర్డుతో కలిపే లింకు) దారిలో మామూలు ర్యామ్‌లోకి వెళ్లి వస్తుంటుంది. అప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బాగానే కనిపిస్తూ మధ్యమధ్యలో ఆట పట్టేసి వదులుతుంది. కొన్ని ఆటలైతే చెప్పకుండా టెక్స్చర్లని తగ్గించేస్తాయి.

ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, లేదా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. ఈ రెండింటిలో ఒకటి. రెండూ 2025లో వచ్చినవే. రెండింటికీ 8 జీబీ రకాలు కూడా ఉన్నాయి, పేరు అదే, పెట్టె అలాగే ఉంటుంది. బిల్లులో "16 జీబీ" అని రాయించుకోవాలి.

ఫ్రేమ్‌రేట్_ముఖ్యం
8 జీబీని మరీ అంత తీసిపారేయక్కర్లేదు. టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గిస్తే చాలా ఆటలు నడుస్తాయి. 1080పీ వాళ్లకి 5060 ఇప్పటికీ మంచి కార్డే. కానీ 1440పీ తెర కొని నాలుగేళ్లు వాడాలనుకుంటే మాత్రం 16 జీబీనే నేనూ చెప్తాను.

ఏఎండీనా ఎన్‌విడియానా అంటే: తక్కువ రిజల్యూషన్‌లో గీసి బొమ్మని పెద్దది చేసే ఎన్‌విడియా డీఎల్ఎస్ఎస్ ఎక్కువ ఆటల్లో ఉంది, సైబర్‌పంక్‌లో పాత్ ట్రేసింగ్ (రే ట్రేసింగ్‌లో ఇంకా బరువైన రకం) చూడాలంటే ఎన్‌విడియా ముందుంది. 9060 ఎక్స్‌టీలో అలాంటిదే అయిన ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ 4 బాగా మెరుగుపడింది, ధర కూడా తక్కువ. బ్లెండర్, ప్రీమియర్ లాంటి పని ఉంటే ఎన్‌విడియా, ఆటలే అయితే ఏఎండీ తీసుకుని మిగిలింది మానిటర్‌కి కలుపుకో.

పాత బోర్డు ఉన్నవాళ్లకి ఒక మాట. 5060, 5060 టీఐ కార్డులు ఎనిమిది పీసీఐఈ లేన్లే (డేటా దారులే) వాడతాయి. బీ450, ఏ520 లాంటి పీసీఐఈ 3.0 బోర్డుల్లో ఆ దారి ఇంకా ఇరుకు, అందులో 8 జీబీ కార్డు అయితే దెబ్బ బాగా తెలుస్తుంది. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లు ఉన్నాయి.

సీటీసీ_పాతకాపు
ఇక ప్రాసెసర్, బోర్డు. 12400ఎఫ్ చెడ్డది కాదు, ఆరు కోర్లు, ఇప్పటికీ ఆడుతుంది. కానీ దాని ఎల్‌జీఏ 1700 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) 14వ తరంతో ఆగిపోయింది. ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. రైజెన్ 5 7600 పెట్టుకుంటే నాలుగేళ్ల తర్వాత బోర్డు, ర్యామ్ కదపకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. పెట్టెలో కూలర్ కూడా వస్తుంది.

ఇంకో లాభం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. 7600లో చిన్న ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉంది. కార్డు వారంటీకి వెళ్తే వారాలు పడుతుంది. ఇంటెల్‌లో "ఎఫ్" రకాలు, అలాగే 7500ఎఫ్, కొన్నవాళ్లకి ఆ వారాలన్నీ తెర నల్లగానే ఉంటుంది. నీకు ఆఫీసు పని కూడా ఉంది కాబట్టి చెప్తున్నా.

ర్యామ్ దగ్గరే బాధంతా. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ అయితే డిసెంబర్‌లో క్రూషియల్ బ్రాండ్ వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అందుకే 32 జీబీ కోసం ఇప్పుడు కార్డు తగ్గించుకోకు. 8 జీబీవి రెండు, డీడీఆర్5 6000. ఒకే స్టిక్ వద్దు, డ్యుయల్ ఛానెల్ (రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేయడం) పోతే వాలరెంట్ లాంటి ఆటల్లోనే ముందు తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుంటే స్లాట్లు ఖాళీగా ఉంటాయి గానీ, డీడీఆర్5లో నాలుగు స్టిక్‌లు పెడితే వేగం తగ్గుతుంది. పెంచాలనుకున్నప్పుడు పాతవి అమ్మి 16 జీబీవి రెండు తీసుకోవడమే మేలు.

ఇంట్లో ఇప్పటికే మంచి డీడీఆర్4 ఉన్నవాళ్లు మాత్రం రైజెన్ 5 5600, బీ550 బోర్డుకి వెళ్లినా తప్పులేదు. "5600జీ" అంటగడితే వద్దనండి, దానికి క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ) సగమే, పీసీఐఈ కూడా 3.0.

రామగుండం_రిగ్
ఆ కంపెనీ పేరు లేని ఎస్‌ఎంపీఎస్ చూసి నాకు భయమేసింది. ఒక స్నేహితుడి సిస్టమ్‌లో అలాంటిదే పేలి, బోర్డుని కూడా తీసుకుపోయింది. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకున్నా పర్లేదు గానీ దీని దగ్గర కక్కుర్తి పడొద్దు.

లెక్క చూడు. 5060 టీఐ 180 వాట్లు, 7600 లోడ్ మీద 90 లోపు, మిగతావన్నీ కలిపి ఇంకో యాభై అరవై. పేరున్న కంపెనీ 650 వాట్లు ధారాళంగా సరిపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ అనేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర, లోపలి నాణ్యతకి హామీ కాదు. వారంటీ ఐదేళ్లు పైన ఉన్నది చూసుకో.

మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే. గాలివానకి పోయి, వచ్చి, మళ్లీ పోతుంది. 600 వీఏ యూపీఎస్ అంటే చాలావాటిలో 360 వాట్లే. సిస్టమ్, మానిటర్ కలిపి ఆట మధ్యలో అంచుకి వచ్చేస్తాయి, కరెంటు పోయిన క్షణంలో అదీ ఆగిపోతుంది. 1000 వీఏ పైన తీసుకుంటే ఆట సేవ్ చేసుకుని ఆపేసే టైం దొరుకుతుంది. దానికన్నా ముందు ప్లగ్ పాయింట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోందంటే ఎర్తింగ్ లేనట్టే.

క్యాబినెట్ ముందు భాగం జాలీ ఉన్నది తీసుకో, అద్దం మూసేసినది వద్దు. యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్ల గది 22 డిగ్రీలుంటుంది. మాకు మే నెలలో బయట 44 దాటుతుంది, ఏసీ లేని గది 38కి తగ్గదు. ఆ పదహారు డిగ్రీలూ దాదాపు అంతే మొత్తంగా కార్డు మీదా ప్రాసెసర్ మీదా కలుస్తాయి. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి పెడితే చాలు, లిక్విడ్ కూలర్ 7600కి అక్కర్లేదు.

విశాఖ_ఎడిటర్
కాకినాడ కూడా సముద్రం పక్కనే కాబట్టి ఒక మాట. ఉప్పుగాలికి స్క్రూలు, పోర్టులు తుప్పు పడతాయి. కిటికీ పక్కన పెట్టొద్దు. వారాల తరబడి ఆపేసి ఉంచకుండా అప్పుడప్పుడైనా ఆన్ చేస్తుంటే లోపలి తేమ ఆరుతుంది. దుమ్ము వడపోసే జాలీని నెలకోసారి కడిగి, ఆరాకే పెట్టండి.

డాలస్_తెలుగు
మా తమ్ముడికి ఇక్కడి నుంచి పట్టుకెళ్లాలని నేనూ చూశాను. ఇక్కడ మైక్రో సెంటర్‌లో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి కాంబోగా ఇస్తారు, ధర బాగుంటుంది, కానీ షాపుకి వెళ్లి కొనాల్సిందే. ఇండియాకి పంపేముందు వారంటీ షరతులు చదవండి. చాలా కంపెనీల గ్రాఫిక్ కార్డుల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ప్రాసెసర్ లాంటి చిన్న వస్తువైతే చెడిపోయే అవకాశం తక్కువ కాబట్టి పర్లేదు. కార్డు, మానిటర్ అక్కడే కొనుక్కోమనండి.

సీటీసీ_పాతకాపు
అవును. సికింద్రాబాద్ వచ్చే పనుంటే పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లు తమ్ముడూ. నాలుగు షాపుల్లో రాయించుకుని, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి అడుగు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబర్ రాయించుకో. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకు, వారంటీ దగ్గర అదే అడుగుతారు. "ఐ7 గేమింగ్ పీసీ" అని చవకగా కనిపించేవాటిలో తరం అడుగు. 2012 నాటి ఐ7 3770 కూడా ఐ7నే, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు.

మానిటర్ ఆన్‌లైన్‌లో కొన్నా పర్లేదు, కానీ పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తియ్యి. తెర మొత్తం తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి పెట్టి డెడ్ పిక్సెళ్లు చూడు, చీకటి చేసి మూలల్లో వెలుగు కారుతుందేమో చూడు. రిటర్న్ గడువులోపే ఇవన్నీ అయిపోవాలి, ఒకటి రెండు చుక్కలకి వారంటీలో మార్చని కంపెనీలు చాలా ఉన్నాయి.

కాకినాడ_కుర్రాడు
అందరికీ చాలా చాలా థాంక్స్. చివరికి ఇలా అనుకున్నాను: రైజెన్ 5 7600, బీ650 బోర్డు, 8 జీబీవి రెండు డీడీఆర్5 6000, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, జాలీ క్యాబినెట్, 27 అంగుళాల 1440పీ 180 హెర్ట్జ్ ఐపీఎస్. బడ్జెట్ కొంచెం దాటుతోంది, యూపీఎస్ వచ్చే నెల జీతంలో. అసెంబుల్ నేనే చేసుకుంటాను. ఆన్ చేశాక చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా? జీటీఏ 6 కూడా దీని మీద ఆడాలని ఆశ.

ఫ్రేమ్‌రేట్_ముఖ్యం
లిస్టు బాగుంది. జీటీఏ 6కి ప్రకటించిన 2026 నవంబర్ 19 తేదీ పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లకే, పీసీ తేదీ అందులో లేదు. దాని కోసం ఇప్పుడు కార్డు పెంచకు.

ర్యామ్ స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టు. ఏఎం5లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకోవడం) వల్ల కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, టెన్షన్ పడి స్విచ్ ఆపేయకు. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేస్తేనే ర్యామ్ 6000లో నడుస్తుంది. సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రతా సెట్టింగులు కూడా అక్కడే ఆన్ చెయ్యి, విండోస్ 11లో వాలరెంట్‌కి రెండూ కావాలి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌ని బోర్డుకి కాదు, కార్డుకే పెట్టు. చివరిగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్‌లో 180 హెర్ట్జ్ ఎంచుకో, చాలాసార్లు అది 60లోనే ఉండిపోతుంది. తెర వేగాన్ని కార్డు ఫ్రేములకి కలిపే ఫ్రీసింక్‌ని మానిటర్ మెనూలోనూ, ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేయాలి.

ఎక్కడైనా ఆగితే బోర్డు మీది చిన్న ఎల్‌ఈడీల్లో ఏది వెలిగి ఉందో ఫొటో తీసి ఇక్కడ పెట్టు.