ఈ వారం సమస్య: పాట వినక చెవులు పరవశించె

క్యాసెట్ కాలం (నిర్వహణ): ఈసారి ఆటవెలది. ఇచ్చిన పాదం: "పాట వినక చెవులు పరవశించె". ఇదే చివరి పాదంగా, పాట వినకుండా పరవశించడమెలా అనే విరోధం విడిపోయేలా, సినిమా పాటల మీదే పూరించాలి. ముందే చెబుతున్నా, "పాతవి బంగారం, కొత్తవి గోల" అనే దారిలో వెళ్తే మార్కులు తక్కువ. నాకూ ఆ అభిప్రాయం కొంచెం ఉంది, ఇప్పటి మిక్సింగులో గొంతు ఎక్కడో గదిలో తలుపేసి పాడుతున్నట్టుంటుంది, కానీ అది అందరూ అనేసిన మాటే కదా.

గోదారి గట్టు: తక్కువైనా పర్లేదండీ, మా వీధి పెళ్ళి ఊరేగింపు మీద రాయకుండా ఉండలేను.

డప్పు మోత డీజె డబ్బాల హోరుతో
వీధి యెల్ల నదరి వెఱ్ఱి యెత్తె
ఫ్యూజు పోయినంత చల్లారె డబ్బాలు
పాట వినక చెవులు పరవశించె

యతి మైత్రి: మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, తప్పింది బాబూ. ఇక్కడ నాలుగో గణం మొదటి అక్షరం "చ", దానికీ "ఫ్యూ"కీ చుట్టరికం లేదు. "బోసిపోయెను డబ్బ" అనండి. ప, ఫ, బ, భలు ఒకే గూటివి, ఊకి ఓ చెల్లుతుంది.

గోదారి గట్టు: ఫ్యూజు పోయినంత బోసిపోయెను డబ్బ. అబ్బ, ఇదే బాగుంది. మార్చేశాను.

కొత్త సభ్యుడు: చిన్న డౌటు. "చెవులు" బహువచనం కదా, "పరవశించె" ఏకవచనం కాదా?

యతి మైత్రి: పద్యాల్లో చెల్లుతుంది. మనుషులు కాని వాటికి బహువచనమైనా ఏకవచన క్రియ వేయడం మామూలే, "కన్నులు చెమరించె" అనమూ?

రెండో చరణం: నేను "వినక" అన్నదాన్ని "ఇంకా వినకముందే" అని తీసుకున్నాను. 1989లో గీతాంజలి క్యాసెట్ ఇంటికొచ్చాక మా అన్నయ్య పాట మొదట్లో వయొలిన్లు అయిపోగానే ఆపేసి వెనక్కి తిప్పేవాడు, అదీ బ్యాటరీలు అయిపోతాయని క్యాసెట్ బయటికి తీసి పెన్సిల్ దూర్చి చేత్తో తిప్పేవాడు. గొంతు వచ్చేదాకా ఎప్పుడు వెళ్తామా అని నేను ఏడుపు మొహంతో కూర్చునేదాన్ని. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను, ఫోన్లో వేలితో.

ఇళయరాజ వయొలి నింపుగా మ్రోగెను
పల్లవింక నోట పలుకకుండ
ముందుమాటలోనె ముగిసెనే నా పని
పాట వినక చెవులు పరవశించె

క్యాసెట్ కాలం: "ముందుమాటలోనె ముగిసెనే నా పని"! దీనికి చప్పట్లు. ప్రిల్యూడ్‌కి ముందుమాట అనడం నాకు తట్టేది కాదు. ఆయన పాటల్లో సగం కథ పల్లవికి ముందూ చరణాల మధ్యలోనే అయిపోతుందని నేను ఎప్పటినుంచో వాదిస్తున్నా, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

యతి మైత్రి: మొదటి పాదంలో వయొలిన్ + ఇంపుగా కాబట్టి "ఇ"కి "ఇ" అచ్చు యతి. సరిపోయింది.

తెలంగాణ తమ్ముడు: నాది నాటు నాటు మీద. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చిన పొద్దు.

ఆస్కరంచు పిలిచి రమెరికా వేదిపై
నాటు పాట పేరు నలుగురెదుట
లేచి చూచినట్టి లేత వేకువ వేళ
పాట వినక చెవులు పరవశించె

రెండో చరణం: తమ్ముడూ, గణాలు బాగున్నాయి కానీ అర్థం కుదరలేదు. అవార్డు చెప్పకముందే అదే వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు కదా, వినకపోవడమేంటి? పైగా పాటకి అవార్డు చెప్పేసరికి మనకి తెల్లారి చాలాసేపయింది, వేకువ ఎక్కడిది?

తెలంగాణ తమ్ముడు: అక్కా, నేను లేచిందే లేటు. టీవీ పెట్టేసరికి కీరవాణి, చంద్రబోస్ స్టేజీ ఎక్కుతున్నరు. పాట మిస్సయిన, పేరు మాత్రం విన్న. అందుకే వినక.

క్యాసెట్ కాలం: అది పద్యంలో కనిపించాలిగా, నువ్వొచ్చి పక్కన నిలబడి చెప్తే ఎలా? కనీసం "లేత యెండల వేళ" అను, టైమైనా సరిపోతుంది, యతీ చెడదు.

నిద్ర పట్టదు: 2020 సెప్టెంబర్ 25 రాత్రి. ఏ ఛానెల్ పెట్టినా బాలు పాటలే. భరించలేక కట్టేశాను.

బాలు లేని లోటు బాధించు రేయిలో
మీట నొక్కలేదు, మిన్నకుంటి
మదిని మోగెనయ్య మంద్రాన నా గొంతు
పాట వినక చెవులు పరవశించె

గోదారి గట్టు: మనసు కదిలింది. కానీ మూడో పాదం చదివితే మీ గొంతు మోగినట్టుంది అన్నా 😀

నిద్ర పట్టదు: మంద్రాన + ఆ గొంతు అనుకున్నాను. సంధి చేస్తే నా గొంతే అయిపోయింది! నేను పాడితే ఇంట్లోవాళ్ళు తలుపులేస్తారు. "మంద్రాన తన గొంతు" అంటే?

యతి మైత్రి: సరిగ్గా సరిపోయింది. గణమూ చెడదు.

క్యాసెట్ కాలం: నా ఓటు "ముందుమాట"కి, ఆ వెనకే బాలు పద్యం. బాలు పద్యంలో విరోధం ఇంకా బాగా విడింది, పాట వినపడకుండానే లోపల వినపడటం. కానీ "పరవశించె" దగ్గర ఆగాను. ఆ రాత్రి పరవశమా? "లోటు, బాధ" అని మొదలుపెట్టి అక్కడికెలా చేరారు?

నిద్ర పట్టదు: ఏమో అండీ. ఏడుస్తూనే ఆ పాటకి తాళం వేశాను, అంతవరకే తెలుసు.

క్యాసెట్ కాలం: సరే, వదిలేశాను. గోదారి గట్టూ, నీ పద్యంలో అన్నీ సరిపోయాయి గానీ ఫ్యూజు సరిగ్గా ఆ టైముకే ఎందుకు పోయింది? కారణం లేకుండా కథ తిరిగిపోయింది.

గోదారి గట్టు: పోలేదండీ. నేనే పీకాను.