అప్‌డేట్: సగం నీడ పడే చిన్న పెరట్లో పొద గులాబీ, చివరికి ఏది నాటానంటే

పోయినసారి నేనడిగింది ఇది: పెరడు చిన్నది, మధ్యాహ్నం నుంచి గోడ నీడే, ఉన్న గులాబీ ఆకులు రాలుస్తోంది, దాని బదులు ఏ పొద గులాబీ పెట్టాలి? ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చిన సలహా, గంటగంటకీ ఎండ ఎక్కడ పడుతుందో రాసుకోమన్నది. పాత మొక్క ఉన్న మూలకి రెండు గంటల ఎండ కూడా లేదు. నాలుగడుగులు ఇవతల మాత్రం పొద్దున ఐదు గంటలు పడుతోంది! నర్సరీ ఆయనకి ఆకు చూపిస్తే బ్లాక్ స్పాట్ అన్నారు. అంచులు చెదిరిన నల్ల మచ్చ, చుట్టూ పసుపు. ఆకు ఎక్కువసేపు తడిగా ఉంటే ఈ ఫంగస్ పడుతుందట, అందుకే పొద్దుటి ఎండ ముఖ్యం.

హైబ్రిడ్ మస్క్ అనే గుంపులోని గులాబీ రకాలు కొంత నీడకి ఓర్చుకుంటాయని మీలో ఇద్దరు చెప్పారు. వాటిలో 1937 నాటి ‘బాలెరినా’ తెచ్చి, ఆ ఎండ చోటే గోడకి మూడడుగుల దూరంలో నాటాను. ఇప్పుడు గుత్తులు గుత్తులుగా పూస్తోంది. ఒక్కోటీ ఐదు రేకుల చిన్న పువ్వు, అంచున గులాబీ రంగు, నడుమ తెలుపు. ఎంత ముద్దుగా ఉందో! రెండో మొక్క కూడా పెడదామనుకున్నాను కానీ గాలి ఆడదని మానేశాను.

మట్టి పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అన్న కొలత) గురించి పడ్డ టెన్షన్ అనవసరం, టెస్టులో బాగానే వచ్చింది. ఎరువు పెంచినా పాత మొక్క కోలుకోలేదు. నీళ్లు మాత్రం ఇప్పుడు మొక్క మొదట్లోనే పోస్తున్నాను, ఆకుల మీద కాదు.