ఒకటి, రెండు తరగతులకు శనివారం పరీక్ష కావాలా, కృత్యాలు కావాలా?

హన్మకొండ అమ్మ:
మా పాప ఇక్కడే ఓ ప్రైవేటు బడిలో రెండో తరగతి. నిరుటి దాకా ప్రతి శనివారం వీక్లీ టెస్టు ఉండేది. ఈ ఏడు తీసేసి కృత్యాలు పెట్టారు. కథ చెప్పిస్తారు, పుల్లలతో లెక్కలు చేయిస్తారు, ఆకులూ పూలూ తెప్పించి పేర్లు రాయిస్తారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. టెస్టు మళ్లీ పెట్టాలని సంతకాలు తీసుకుంటున్నారు, నన్నూ పెట్టమంటున్నారు. శుక్రవారం రాత్రి టెన్షన్ పోయింది, పాప హాయిగా తిని పడుకుంటోంది. కానీ చదువులో వెనకపడుతుందేమోనని భయం. ఏం చేయాలి?

నర్సంపేట నాన్న:
సంతకం పెట్టండి అక్కా. మా బాబు బడిలో కృత్యం అంటే థర్మాకోల్ షీటు, చార్టు, రంగు కాగితాలు. శుక్రవారం రాత్రి నేను బుక్ స్టాల్‌కు ఉరకాలి. చేసేది మా ఇంటామె, ఫొటో దిగేది బాబు. ఇప్పుడు మూడో తరగతికి వచ్చాడు, మూడక్షరాల పదం వస్తే ఆగిపోతున్నాడు. వారం వారం పరీక్ష ఉంటే ముందే తెలిసేది కదా. మేమిద్దరం పనికి పోయేవాళ్లం, కూర్చోబెట్టి చదివించే తీరిక లేదు. మాకు మార్కుల కాగితం ఒక్కటే ఆధారం.

సర్కారు బడి టీచర్, వరంగల్:
అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ థర్మాకోల్ ఇల్లు చేసి తెమ్మనడం కృత్యం కాదు, అది అమ్మానాన్నలకు ఇచ్చిన హోంవర్క్. తరగతిలో, టీచర్ కళ్ల ముందు, పిల్లలు తమ చేత్తో చేసేదే కృత్యం.

నేను ఒకటి, రెండు తరగతులకే చెబుతాను. ఈమధ్య 42లోంచి 17 తీసేయమంటే కొందరు 35 రాశారు. పరీక్ష పేపరైతే ఇంటూ కొట్టి సున్నా వేస్తాం, అంతటితో అయిపోతుంది. నేను చీపురు పుల్లలు ఇచ్చాను. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు నాలుగు, విడిగా రెండు పుల్లలు. ఏడు పుల్లలు తీయమంటే ఒక పాప రెండు తీసి ఆగింది. కట్టల వైపు చూసింది, నా వైపు చూసింది, "విప్పొచ్చా టీచర్?" అంది. అప్పటిదాకా ఆ పాప రెండులోంచి ఏడు పోదని, ఏడులోంచే రెండు తీసేస్తోంది. అందుకే 35 వచ్చింది. కట్ట విప్పాక పన్నెండులోంచి ఏడు తీసింది, మిగిలిన మూడు కట్టల్లో ఒకటి పక్కన పెట్టింది, 25 అని తనే చెప్పింది.

గుణింతం సంగతీ ఇంతే. 'క' గుణింతం గడగడా చెప్పే పిల్లలకు 'కొ' ఒక్కటి చూపించండి. క, కా, కి, కీ అనుకుంటూ మొదటి నుంచి వస్తారు. గుణింతం రాయమనే టెస్టులో వాళ్లకు పదికి పది. 'కొడవలి' చదవమంటే నోరు పెగలదు. ఆ పదికి పది చూసి ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు. నాకు భయమేసేది అక్కడే.

విశ్రాంత హెచ్ఎం, జగిత్యాల:
టీచరమ్మ చెప్పింది నిజం. ఒక మాట కలుపుతాను. మన తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం గానీ, 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం గానీ కోరేది ఒకటే. మూడో తరగతి దాటేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న చిన్న లెక్కలు చేయాలి. 2026-27 నాటికి దీన్ని సాధించాలన్నది నిపుణ్ భారత్ గడువు. ఎవరు ఎక్కడున్నారో చూడొద్దని వీటిలో ఎక్కడా లేదు. తొలిమెట్టులోనైతే ముందు బేస్‌లైన్, అంటే ఎవరికి ఇప్పటికే ఏమొచ్చో చూసే పాఠం మొదలుపెడతారు. ఆరేళ్ల పిల్లలకు ప్రశ్నపత్రం ఇచ్చి చూడాలా, పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూడాలా అన్నదే తేడా. నేను రెండోదాని వైపు.

భూపాలపల్లి సారు:
హెచ్ఎం గారూ, మాట బాగుంది, మరి మనుషులేరి? అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. మా బడిలో రెండో టీచర్ డిప్యుటేషన్ మీద పోతే ఐదు తరగతులూ నావే. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుంటే మిగతావాళ్లు ఏం చేయాలి? పేపర్ ఇస్తే అరగంట అందరూ కుదురుగా ఉంటారు. ఇది సోమరితనం కాదు, నా గతి. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలు పేపర్ మీద ఏమీ రాయరు. అదే చింతగింజలు ముందు పోస్తే వాళ్ల భాషలో లెక్కపెట్టి, జవాబు తెలుగులో చెబుతారు.

సర్కారు బడి టీచర్, వరంగల్:
సార్, ఒక్క శనివారమే అందర్నీ చూడాలంటే నావల్లా కాదు. నేను వారమంతా పంచుకుంటాను. రోజుకు నలుగురైదుగురు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఆ సేపు మిగతావాళ్లు జంటలుగా పదాల కార్డులు చదువుకుంటారు. మీకు ఐదు తరగతులు కాబట్టి నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని చిన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టి చూడండి. శనివారం మాత్రం వెనకబడినవాళ్లకే.

నర్సంపేట నాన్న:
అంతా సరే మేడం. మరి మా బాబుకు ఏమొచ్చిందో నాకెట్ల తెలియాలి? మార్కులు లేకపోతే ఇంట్లో ఎవరు చెబుతారు?

సర్కారు బడి టీచర్, వరంగల్:
అడగండి అన్నా, అది మీ హక్కు. నేను నోటు పుస్తకం చివరి పేజీలో వారానికి రెండు లైన్లు రాసిస్తాను. "గుణింతపు పదాలు చదువుతున్నాడు, వత్తులు రావడం లేదు." మార్కు కన్నా ఇదే మీకు పనికొస్తుంది. రాయడానికి బడివాళ్లు ఒప్పుకోకపోతే గట్టిగానే అడగండి.

హన్మకొండ అమ్మ:
నేను సంతకం పెట్టడం లేదు. సోమవారం బడికి పోయి రెండే అడుగుతాను. కృత్యానికి ఇంటి నుంచి ఏదీ చేయించొద్దు, వారానికోసారి ఆ రెండు లైన్లు రాసివ్వాలి. గ్రూపులో కూడా ఇదే పెట్టాను. ఇప్పటికి నలుగురు సరేనన్నారు, మిగతావాళ్లు ఇంకా టెస్టే కావాలంటున్నారు.