చీటీ లేనిదే యాంటీబయాటిక్ ఇవ్వకూడదన్న నియమాన్ని మినహాయింపు లేకుండా అమలు చేయాలా?

చర్చాంశం: కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2024 జనవరిలో ‘ఆపరేషన్ అమృత్’ పేరిట, డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే దుకాణాలపై ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాలూ అదే బాట పట్టాలా?

కృష్ణాతీరం: తప్పకుండా పట్టాలి. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగానే 2019లో ప్రపంచమంతటా 12.7 లక్షల మంది మరణించారని అంచనా. ఆ భారం పేద దేశాల మీదే ఎక్కువగా పడింది. జలుబు చేసేది వైరస్, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా మెడికల్ షాపుకు వెళ్లి “జలుబు, ఒళ్లు నొప్పులు” అనగానే అజిత్రోమైసిన్ షీటులోంచి రెండు బిళ్లలు కత్తిరించి, ఒక పారాసిటమాల్, ఒక గ్యాస్ బిళ్ల జతచేసి చిన్న కవర్లో పెట్టి ఇస్తారు. చట్టం ఉండగానే ఇంత జరుగుతోందంటే లోపం అమలులోనే ఉంది.

మందులబీరువా: పల్లెలో ఫార్మసీ నడిపేవాణ్ణి. మీ ఆవేదన న్యాయమైనదే గాని, లోపం చట్టంలోనూ ఉంది. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1, అంటే అమ్మకంపై గట్టి నిఘా ఉంచే మందుల జాబితా ప్రకారం, అందులోని మందు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అప్పుడు ప్రకటించిన 46 మందుల్లో సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ ఉన్నాయి. మీరు చెప్పిన అజిత్రోమైసిన్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం దాన్ని ఆచితూచి వాడవలసిన ‘వాచ్’ వర్గంలో పెట్టింది. ముందు ఆ తేడాను సరిదిద్దాలి.

ఇక చీటీ ఉన్నంత మాత్రాన వాడకం సరైనదవుతుందా? మా ప్రాంతంలో మూడు రోజులు జ్వరం తగ్గకపోతే టైఫాయిడ్ కోసం వైడల్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌కూ, వేరే జ్వరాలకూ అది పాజిటివ్ చూపగలదు. ఆ కాగితం పట్టుకుని ఒకచోట ఆర్ఎంపీ, మరోచోట పెద్ద డిగ్రీలున్న డాక్టరు అదే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే కల్చర్ పరీక్షకు పంపే సదుపాయం మండల స్థాయిలో లేనంతకాలం నా కౌంటరు మూసినా ఆ వాడకం తగ్గదు.

2016లో పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చి, నోటి మాత్రల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే దిక్కయింది. ఆ దేశం 2019లో టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చి, అలా చేసిన మొదటి దేశమైంది. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో! జబ్బే రాకపోతే యాంటీబయాటిక్ అడిగేవారే ఉండరు. తనిఖీల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా టీకాల మీద, తాగునీటి మీద పెట్టాలంటాను.

చివరిగా, మా దగ్గర సాయంత్రం దాటితే ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండరు. న్యుమోనియాతో ఎగశ్వాస పడుతున్న బిడ్డకు అమాక్సిసిలిన్ అందకపోవడమూ మరణానికి దారితీస్తుంది. అందుకే ‘వాచ్’ వర్గాన్ని కట్టుదిట్టం చేసి, అమాక్సిసిలిన్ వంటివాటికి కొంత వెసులుబాటు ఇవ్వాలంటాను.

కృష్ణాతీరం: టీకా సంగతి ఒప్పుకుంటాను, వెసులుబాటు సంగతి ఒప్పుకోను. బిడ్డది న్యుమోనియానో మామూలు దగ్గో కౌంటరు వెనక ఎవరు తేలుస్తారు? ఎన్నో షాపుల్లో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడమీద వేలాడుతుంది, మనిషి మాత్రం కనిపించడు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన ‘సాన్స్’ కార్యక్రమంలో ఆశా కార్యకర్తే న్యుమోనియాను గుర్తించి, మొదటి మోతాదు అమాక్సిసిలిన్ వేసి, బిడ్డను ఆస్పత్రికి పంపే ఏర్పాటు ఉంది. మీరడిగే మినహాయింపు దుకాణానికి ఇవ్వడం కన్నా, ఆమె సంచిలో ఆ మందు ఎప్పుడూ నిండుకోకుండా చూడమని జిల్లా వైద్యాధికారిని అడగడం మేలు.

మందులబీరువా: సర్టిఫికెట్ల మాట నిజమే, కాదనలేను. ఆశా దగ్గర మందు నిల్వ ఉండేట్టయితే ఆ మినహాయింపు నాకు అక్కర్లేదు. కానీ అజిత్రోమైసిన్‌ను రిజిస్టరులోకి తెచ్చేదాకా తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నా షాపులో ఏ పుస్తకం తిరగేస్తారు?