డప్పు శాంపిల్: ఇయర్‌ఫోన్‌లో మోత, ఫోను స్పీకర్‌లో మాయం

ప్రశ్న: ఏబుల్టన్ లైవ్‌లో (సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్) పని చేస్తున్నాను. డప్పును రెండు మైకులతో రికార్డు చేశాను. ఒకటి చర్మానికి ఎదురుగా, రెండోది డప్పు వెనక. రెండూ ఎడమ, కుడి ఛానెళ్లుగా ఒకే స్టీరియో ఫైలులో ఉన్నాయి. ఇయర్‌ఫోన్‌లో వింటే గుండె అదురుతోంది. ఫోను స్పీకర్‌లో మాత్రం చిటికెన పుల్ల టకటకలే తప్ప సిర్ర (లావు పుల్ల) దెబ్బ వినిపించడం లేదు. అదే ఫోనులో డోలక్ ట్రాకు బాగానే మోగుతోంది. తేడా ఎక్కడ?

మరొకరు: ఈక్యూలో (ఏ స్థాయి ధ్వని ఎంత వినిపించాలో సర్దేది) 100 హెర్ట్జ్ దగ్గర కాస్త పెంచి చూడండి.

జవాబు: ఈక్యూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. రద్దయిపోయిన ధ్వనిని పెంచడమంటే సున్నాను హెచ్చవేయడమే. డప్పుకు ఒకవైపే చర్మం, వెనక ఖాళీ. దెబ్బ పడగానే చర్మం లోపలికి పోతుంది. ఎదుటి మైకు దగ్గర గాలి పలచబడుతుంది, వెనక మైకు దగ్గర ఒత్తుకుంటుంది. అంటే ఒక తరంగానికి రెండోది తలకిందులు. ఇయర్‌ఫోన్‌లో చెవికొకటి వెళ్తుంది కాబట్టి బయటపడదు. మీ ఫోను లాంటి మోనో స్పీకర్‌లో రెండు ఛానెళ్లూ ఒకటిగా కలవగానే ఒకదాన్నొకటి మింగేస్తాయి.

మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ట్రాకు, లైవ్ 12లో దాని పేరు మెయిన్) మీద యుటిలిటీ అనే ఎఫెక్టు ఒకటి వేసి మోనో నొక్కండి. దెబ్బ నీరసిస్తే జబ్బు ఇదే. అప్పుడు డప్పు ట్రాకు మీద ఇంకో యుటిలిటీ వేసి, కుడి ఛానెల్ ఫేజ్ బటన్ (తరంగాన్ని తలకిందులు చేసేది) ఒక్కటే నొక్కండి. రెండూ నొక్కితే మళ్లీ మొదటికే వస్తారు.

ప్రశ్న: దెబ్బ వచ్చిందండి! కానీ కాస్త డొల్లగా ఉంది. వెనక మైకు ఎదుటిదానికన్నా సుమారు ఒక అడుగు దూరంగా ఉంది. అదేనా కారణం?

జవాబు: అదే. ధ్వని 34 సెంటీమీటర్లు వెళ్లడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. ఫేజ్ బటన్ తరంగాన్ని తిప్పుతుంది గానీ ఆలస్యాన్ని సరిచేయదు. ట్రాకును డూప్లికేట్ చేసి, ఒకదాని యుటిలిటీలో ఎడమ ఛానెల్, రెండోదానిలో కుడి ఛానెల్ ఎంచుకోండి. ఎదుటి మైకు ట్రాకుకు ట్రాక్ డిలే 0.9 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, మాస్టర్ మోనోలోనే వింటూ కొద్దికొద్దిగా జరపండి. దెబ్బ ఎక్కడ నిండుగా పడితే అక్కడ ఆగండి. కొలత కన్నా చెవిని నమ్మండి.

చాలామంది బోల్తా పడేది ఈ తర్వాతి మెట్టులో. సరిచేసిన ట్రాకు నుంచి క్లిప్పును సింప్లర్‌లోకి (శాంపిల్‌ను కీలతో వాయించే లైవ్ వాయిద్యం) లాగితే వెళ్లేది పాత ఫైలే, మీ యుటిలిటీలు దానితో రావు. కొత్త ఆడియో ట్రాకు ఇన్‌పుట్‌లో రీశాంప్లింగ్ (మాస్టర్‌లో వినిపించేదాన్నే రికార్డు చేసేది) ఎంచుకుని, మిగతా ట్రాకులు మ్యూట్ చేసి రికార్డు చేయండి. ఆ ఫైలును లాగండి.

ప్రశ్న: సింప్లర్‌లో కీ వదలగానే మోత తెగిపోతోంది.

జవాబు: క్లాసిక్ మోడ్‌లో ఉన్నట్టుంది. వన్-షాట్‌కు మార్చి ట్రిగ్గర్ ఎంచుకోండి. విడి దెబ్బలకు వార్ప్ (శాంపిల్‌ను పాట వేగానికి సాగదీసేది) అక్కర్లేదు, అది దెబ్బ పదును పోగొడుతుంది.

మరొకరు: ఒక మాట. కాచిన డప్పు చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది. మొదటి దెబ్బనూ చివరి దెబ్బనూ పక్కపక్కన వాడితే తేడా కొడుతుంది. సింప్లర్‌లోని డీట్యూన్‌తో సెంట్ల లెక్కన (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) సర్దుకోండి.

జవాబు: మంచి మాట చెప్పారు. ఇక ఎగుమతి చేసేముందు మాస్టర్ మీది మోనో తీసేయండి, లేకపోతే పాటంతా మోనోలోనే బయటకు వస్తుంది.