రోమ్‌లో ప్రైవేట్ గైడ్: ఆరుగురం, రెండు రోజులు. ఎలా మాట్లాడుకోవాలి?

పటమటవాసి:
దసరా సెలవుల్లో రోమ్ వెళ్తున్నాం. శుక్రవారం మధ్యాహ్నం దిగి, సోమవారం పొద్దున్నే ఫ్లోరెన్స్ రైలెక్కాలి. ఆరుగురం. నాన్నకి 70, అమ్మకి 64, అమ్మకి మోకాళ్ల నొప్పులు. పిల్లలకి 14, 9. బందరు రోడ్డులో ఒక ట్రావెల్స్ వాళ్లు శనివారం కొలోసియం (ఆ పాత రోమన్ స్టేడియం), ఆదివారం వాటికన్, ఏసీ వ్యాన్, "ఇంగ్లీష్ డ్రైవర్ కమ్ గైడ్" అని రాసిచ్చారు. అందులో ఎంట్రీ టికెట్ల ఊసు లేదు. ఇది చాలా, గైడ్‌ని విడిగా పెట్టుకోవాలా? అమ్మానాన్నలకి ఇంగ్లీష్ అంతంతమాత్రం.

బ్రాడీపేట 4/14:
ముందు ఆ రెండు రోజులూ తారుమారు చేయించండి. వాటికన్ మ్యూజియంలకి ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం ఒక్కటే తెరుస్తారు. ఆ రోజు ఉచితం, పన్నెండున్నర దాటితే లోపలికి రానివ్వరు. క్యూ మాత్రం పుష్కరాల్లో దుర్గాఘాటే అనుకోండి. కొలోసియానికి మొదటి ఆదివారం ఉచితం, కాబట్టి అక్కడ ఆ రోజు అదే తంతు. మీ ఆదివారం నెలలో మొదటిదో కాదో క్యాలెండర్ చూసుకోండి. కాకపోతే శనివారం వాటికన్, ఆదివారం కొలోసియం. ఆదివారాలు కొలోసియం ముందున్న పెద్ద రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు, పెద్దవాళ్లతో నడవడానికి అదొక సుఖం.

ఇక "డ్రైవర్ కమ్ గైడ్" సంగతి. ఇటలీలో గైడ్‌కి లైసెన్స్ ఉండాలి, ఆ కార్డు మెడలో కనబడాలి. డ్రైవరు స్టీరింగ్ దగ్గర కూర్చుని "కుడివైపు ఇది, ఎడమవైపు అది" అని చెప్తాడు, మిమ్మల్ని గేటు దగ్గర దింపి బండిలోనే ఉండిపోతాడు. చూడాల్సిందంతా గేటు లోపల. పైగా పాత నగరంలో చాలా వీధులు జెడ్‌టీఎల్, అంటే పర్మిట్ లేని బండిని కెమెరా పట్టేసే ప్రాంతం. పర్మిట్ ఉన్న వ్యాన్ కూడా ట్రెవీ ఫౌంటెన్ ముందు ఆగదు, చివర్లో నడక తప్పదు. రెండు రోజుల వ్యాన్ డబ్బుతో రెండు పూటలు మంచి గైడ్ వస్తాడు.

ప్రైవేట్ గైడ్ రేటు మనిషికి కాదు, బృందానికి. ఉదాహరణకి మూడు గంటలకి 240 యూరోలు అడిగారనుకోండి, మీ ఆరుగురికి తలా 40. ఇద్దరే వెళ్తే దండగ, ఆరుగురికి గిట్టుబాటు. కానీ ఆ 240లో టికెట్లు ఉండవు, అవి విడిగా. హోటల్ దగ్గర్నుంచి తీసుకెళ్తామంటే సంబరపడకండి. ఆ మూడు గంటల లెక్క చాలాసార్లు హోటల్ మెట్ల దగ్గరే మొదలవుతుంది, మెట్రోలోనే ముప్పావుగంట కరిగిపోతుంది. కొలోసియం మెట్రో స్టేషన్ బయటే కలుస్తామని చెప్పండి. అరగంట ముందే అక్కడుండండి. టికెట్ మీద ఫలానా టైమని ఉంటుంది, ఆలస్యమైతే గైడ్ కూడా చేసేదేమీ లేదు.

ఇంగ్లీష్ గురించి: గైడ్ చెప్పింది మీరు అమ్మానాన్నలకి తెలుగులో చెప్తుంటే ప్రతి మాటకీ రెట్టింపు టైం పడుతుంది. అందుకని ముందే రాయండి: "పెద్దవాళ్లున్నారు, నిదానంగా, చూసేవి తగ్గించి చెప్పండి" అని. మూడు గంటల్లో కొలోసియం, పక్కనే ఉన్న ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు) చాలు. పాలటైన్ కొండ ఎక్కొద్దు.

గైడ్ గట్టివాడా కాదా తెలుసుకోవడానికి ఒక కిటుకు. కొలోసియం బయటి గోడ నిండా గుంతలుంటాయి, ఎందుకని అడగండి. రాళ్లని కలిపి పట్టుకునే ఇనప బంధాలుండేవి, తర్వాతి శతాబ్దాల్లో జనం రాయి తొలిచి ఆ ఇనుము లాక్కెళ్లారు, మిగిలినవి ఆ గుంతలు. అలాగే కూలకుండా మిగిలిన బయటి గోడలో ఒక్కో తోరణం మీద గేటు నంబరు, రోమన్ అంకెల్లో 23 నుంచి 54 దాకా చెక్కి ఉంటుంది. ప్రేక్షకుడి చేతి బిళ్ల మీదా అదే నంబరు. క్రికెట్ స్టేడియం గేట్లు చూసిన మీ 14 ఏళ్లవాడికి ఇంక వేరే చెప్పక్కర్లేదు. ఇవి చూపించకుండా క్రీ.శ. 80, టైటస్ చక్రవర్తి అని తేదీలు వల్లించేవాడైతే ఆడియో గైడ్ అద్దెకి తీసుకోవడమే నయం.

కృష్ణలంక కుర్రోడు:
వాటికన్‌కి గైడ్ అనవసరం అంటాను. అక్కడి మ్యూజియంలలో అసలు చూడాల్సిన సిస్టీన్ చాపెల్‌లో (పోప్‌ల ప్రార్థనామందిరం) గైడ్ నోరు తెరవకూడదు, ఫొటోలు కూడా నిషేధం. డబ్బు దేనికి?

బ్రాడీపేట 4/14:
అందుకే కావాలండీ. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో బొమ్మలు వేసిన కప్పు, 1541లో ఆయనే పూర్తిచేసిన 'తుది తీర్పు' గోడ, రెండూ చాపెల్ లోపలికి వెళ్లకముందే మ్యూజియంలోని పైన్‌కాయ ప్రాంగణంలో బోర్డుల దగ్గర వివరిస్తారు. అది వినకుండా వెళ్తే మెడ పైకెత్తి పది నిమిషాలు చూసి బయటికొస్తారు. విని వెళ్తే ఆ గోడ బొమ్మలో ఒలిచిన చర్మం పట్టుకున్న మనిషిని పిల్లలే వెతికి పట్టుకుంటారు. ఆ చర్మం మీద ముఖం మైకెలాంజెలోదేనంటారు. అయితే గైడ్ ఎవరైనా "చాపెల్ నుంచి అడ్డదారిలో నేరుగా సెయింట్ పీటర్స్ చర్చిలోకి తీసుకెళ్తా" అని మాటిస్తే గ్యారంటీ అనుకోకండి, ఆ తలుపు మూసేసే రోజులుంటాయి. ఆ దారిలో వెళ్తే క్లోక్‌రూంలో పెట్టిన బ్యాగు కోసం మళ్లీ గోడ చుట్టూ పావుగంట నడిచి మ్యూజియం గేటుకి రావాలి. చిన్న బ్యాగులతోనే వెళ్లండి.

పటమటవాసి:
చాలా థాంక్స్ అండీ. టికెట్లు ఎప్పుడు కొనాలి? వీసా ఇంకా చేతికి రాలేదు. అమ్మ నడక సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

మంగళగిరి జరీఅంచు:
వాటికన్ టికెట్లు 60 రోజుల ముందు, కొలోసియానివి 30 రోజుల ముందు తెరుస్తారు. వీసా రాకపోతే టికెట్ డబ్బు పోయినట్టే, కాబట్టి గైడ్ అడ్వాన్సు ఎప్పటిదాకా వెనక్కిస్తారో రాతలో తీసుకోండి. కొలోసియం టికెట్ పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మనవాళ్లు తప్పేది ఇక్కడే. వాట్సాప్‌లో గైడ్ పేర్లడిగితే ఇంటిపేరు పొడి అక్షరాల్లో, పిల్లలకి ముద్దుపేర్లు పంపేస్తాం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో, గివెన్ నేమ్ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా పంపండి. 18 ఏళ్ల లోపు పిల్లలకి అక్కడ ఉచితమే, కానీ సున్నా టికెట్ కూడా బుక్ చెయ్యాలి, అది మర్చిపోతే పిల్లలు బయటే.

అమ్మగారి విషయం. కొలోసియంలో పై అంతస్తుకి లిఫ్ట్ ఉంది. ఇబ్బందల్లా ఫోరమ్‌లో. పాతకాలపు బండరాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, చెప్పులు జారతాయి, పట్టీ ఉన్న బూట్లే వెయ్యండి. నీడ తక్కువ. బెజవాడ ఎండ చూసినవాళ్లం అని ధీమా వద్దు, గొడుగు తీసుకెళ్లండి. వాటికన్ మ్యూజియంలో వీల్‌ఛెయిర్ అడిగితే ఇస్తారు, నామోషీ పడకుండా మొదట్లోనే తీసుకోండి. దారి చాలావరకు ఒకవైపే, సగంలో వెనక్కి తిరగడం కష్టం. సెయింట్ పీటర్స్ గోపురం మాత్రం వద్దు. మొత్తం 551 మెట్లు, లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి. వాటికన్‌లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీరకి ఏ పేచీ లేదు, స్లీవ్‌లెస్ జాకెట్ అయితే కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటే చాలు. నిక్కర్లేసుకున్న మగపిల్లల్ని కూడా ఆపేస్తారు.

శాకాహారులైతే గైడ్‌తో "మాంసం వద్దు" అంటే సరిపోదు. కార్బొనారా, అమాత్రిచానా అనే పాస్తాల్లో పంది దవడ కొవ్వు వేస్తారు. పెకొరీనో, పార్మెజాన్ చీజ్‌ల కోసం పాలని గొర్రెపిల్ల, దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. అంత పట్టింపున్నవాళ్లకి మరినారా పిజ్జా ఉంది, అందులో చీజే ఉండదు. లేదంటే పియాజ్జా విత్తోరియో అనే చౌరస్తా వైపు ఇండియన్ హోటళ్లున్నాయి.

శుక్రవారం సాయంత్రానికి గైడ్ అక్కర్లేదు. ట్రెవీ ఫౌంటెన్ నుంచి పాంథియాన్ (పాత రోమన్ గుడి) నడిచి పది నిమిషాలు, అక్కణ్నుంచి నవోనా చౌరస్తా ఐదు. పాంథియాన్‌కి 2023 జూలై నుంచి టికెట్ పెట్టారు, అది మర్చిపోకండి. నీళ్ల సీసాలు కొనొద్దు. వీధుల్లో ఇనప కొళాయిలు ఎడతెగకుండా పారుతుంటాయి, వాటిని నాసోనె, అంటే పెద్దముక్కు అంటారు. ఆ ముక్కు కొసని వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, ఎక్కువ వంగకుండా తాగొచ్చు. అమ్మగారికి అది చూపించండి.